మన్యంలో సందేశహరుడు

పూర్వకవులు దూతను ఎన్నుకొనవలసి వచ్చినప్పుడెల్లా చూడచక్కని వాటినే ఎన్నుకొన్నారు. కాళిదాసు యక్షునికి మేఘం దొరికింది. నలదమయంతులకు రాజహంస దొరికింది. చిలుకలు, తుమ్మెదలు, కోకిలలు మన కావ్యాలలో ఎన్ని రాయబారాలు నడిపినవో లెక్కలేదు. కాని 1941లో గుఱ్ఱం జాషువా తన కావ్యనాయకుని మొరను కాశీ విశ్వేశ్వరునికి పంపదలచినప్పుడు ఆయన చూపు హంస మీద నిలువలేదు. గుడి గడప దాటే హక్కు లేని పేదవాని పక్షాన గుడిలోకి పోగలిగేదెవరు? ద్వారపాలకులు అడ్డగించనిది, దేవుని చెంతనే వ్రేలాడగలిగినది ఒక్క గబ్బిలమే. మనిషిని వెలివేసిన లోకం దానిని కూడా అశుభమని వెలివేసింది. వెలియైనవాని గోడు వెలియైనదే మోసుకొని పోయింది.

ఆ కావ్యాన్ని తరగతిలో బోధించే ఉపాధ్యాయులు మనలో అనేకులున్నారు. కవి హృదయాన్ని గూర్చి, కులవ్యవస్థలోని క్రౌర్యాన్ని గూర్చి చెప్పుతాము. చెప్పవలసిందే. కాని ఆ దూతను గూర్చి ఒక్క మాటైనా చెప్పుతున్నామా? అది పక్షియా, మృగమా, ఏమి తింటుంది, ఎందుకు తలక్రిందులుగా వ్రేలాడుతుంది అని పిల్లవాడు లేచి అడిగితే మనలో ఎందరం తడుముకొనకుండా జవాబు చెప్పగలము?

నా బాల్యంలో మా ఊరి పాతగుడి మండపంలో గబ్బిలాలుండేవి. ఒక ఉత్సవానికి ముందు పెద్దలు ఎండుమిరపకాయల పొగ వేయించి వాటిని వెళ్ళగొట్టించారు. పొగ వేసిన పిల్లలలో నేనూ ఒకణ్ణి. మరునాటి ఉదయం స్తంభం మొదట ఒక కూన పడివున్నది. కండ్లైనా తెరవలేదు. తల్లి రాత్రి రెండు మూడుసార్లు వచ్చి, మండపమంతా తిరిగి, పోయిందని పూజారిగారు అన్నారు. ఆయన నన్ను మందలించలేదు. ఆ ఒక్క మాట మాత్రం అని దీపం వెలిగించడానికి లోపలికి వెళ్ళారు. అది నేటికీ నన్ను విడువలేదు. ఆ అపరాధానికి ప్రాయశ్చిత్తంగానైనా, మన అరకు కొండలలోని ఈ నిశాచరులను గూర్చి నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్పుకొనవలెనని ఉన్నది.

బొర్రా గుహల సాయంకాలం

విశాఖపట్టణం నుంచి అరకులోయకు పోయే దారిలో, సుమారు 90 కిలోమీటర్ల దూరాన, అనంతగిరి కొండలలో బొర్రా గుహలున్నవి. సముద్రమట్టానికి ఆ చోటు సుమారు 700 మీటర్ల ఎత్తు. 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద, సొరంగం వెంట సొరంగం దాటుతూ పోయే బండి ఈ గుహల పేరుగల స్టేషనులో ఆగుతుంది. ఒరియా మాటలో ‘బొర్రా’ అంటే రంధ్రమని చెప్పుతారు. వాననీటిలో బొగ్గుపులుసు గాలి కరిగి, ఆ నీరు సున్నపురాతిని యుగయుగాలుగా కొద్దికొద్దిగా కరగించగా ఏర్పడిన మహాబిలమిది. కరిగిన సున్నమే తిరిగి బొట్టుబొట్టుగా పేరుకొని పైనుంచి వ్రేలాడే స్తంభాలుగా, క్రిందినుంచి లేచే లింగాలుగా నిలిచింది. మేస్తూ మేస్తూ ఒక ఆవు పైనున్న రంధ్రంలో పడిపోయిందనీ, వెదకబోయిన కాపరికి లోపల శివలింగం కనిపించిందనీ అక్కడివారు చెప్పుకొంటారు. ఇక్కడ పుట్టిన నదికి గోస్తని అనే పేరు ఆ కథను గుర్తుచేస్తుంది. ఆ నది కొండలు దిగి, భీమునిపట్టణం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

యాత్రికులు పగటివేళ వస్తారు. రంగురంగుల దీపాల వెలుగులో రాతి ఆకృతులను చూచి, ఇది శివపార్వతులు, ఇది ఋషిగడ్డం అని ఊహించుకొని సంతోషిస్తారు. తల మరికొంచెం పైకెత్తి కప్పులోని చీకటివైపు చూచేవారు తక్కువ. అక్కడ గుంపులు గుంపులుగా వ్రేలాడేది గుహలలో నివసించే ఒక జాతి పండ్లగబ్బిలం. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు రౌసెట్టస్ లెషెనాల్టి. పచ్చగోధుమ వన్నె బొచ్చు, కుక్కపిల్ల మూతిని పోలిన మూతి, పెద్ద పెద్ద కండ్లు. గుహ గోడల మీద దీనికి పొరుగున బంగారువన్నె బల్లి కాపురముంటుంది. ఆ బల్లి ప్రపంచంలో మన తూర్పుకనుమలలోనూ, వాటికి ఆనుకొన్న దక్షిణపు కొండలలోనూ తప్ప మరెక్కడా లేదు.

ప్రొద్దు గుంకి, సందర్శకుల సందడి అణగిన తరువాత గుహలో అసలు జీవితం మొదలవుతుంది. మొదట ఒకటి రెండు గబ్బిలాలు ద్వారం దాకా వచ్చి, బయటి వెలుతురును పరీక్షించి, వెనుకకు మళ్ళుతవి. చీకటి మరికొంత చిక్కబడిన పిమ్మట పదులుగా, వందలుగా బయలుదేరి లోయమీదికి సాగిపోతవి. రెక్కల చప్పుడు పట్టుబట్ట దులిపినట్లు మెత్తగా వినిపిస్తుంది. ఆ వేళకు కొండవాలులలోని గ్రామాలలో పొయ్యి పొగలు లేస్తుంటవి. పగటి కూలీలు ఇల్లు చేరే సమయానికి రాత్రి కూలీలు పనిలోకి దిగుతవన్నమాట.

పక్షి కాదు

అమరకోశం గబ్బిలానికి జతుక అనీ, అజినపత్ర అనీ పేర్లు చెప్పింది. తోలే రెక్కగా గలది అజినపత్ర. ఎంత సూక్ష్మమైన పరిశీలన! ఈ జీవికి ఈకలు లేవు. అది గుడ్లు పెట్టదు, పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. మనవలె అదీ క్షీరదమే. దాని రెక్క నిజానికి చెయ్యి. మన చేతివేళ్ళను ఒక్కొక్కటి శరీరమంత పొడవు సాగదీసి, వాటి నడుమ పలుచని చర్మం కప్పితే ఎట్లుంటుందో అట్లుంటుంది. ఎగిరే నేర్పును పూర్తిగా సాధించిన క్షీరదం భూమిమీద ఇదొక్కటే. ప్రపంచంలో 1,400కు పైగా గబ్బిలపు జాతులున్నవి. మన దేశంలో సుమారు 130 జాతులున్నవి. మర్రిచెట్ల మీద పగలంతా గోలచేసే పెద్ద పండ్లగబ్బిలం రెక్కలు చాచితే నాలుగడుగులు దాటుతుంది. ఇంటి చూరులో దూరే చిన్న గబ్బిలం అగ్గిపెట్టెలో ఇముడుతుంది.

చీకటిలో ఇది దారి ఎట్లా తెలుసుకొంటుందన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చిరకాలం వేధించింది. ఇటలీ దేశపు స్పల్లాంజానీ 1790 దశకంలో దీనిమీద ప్రయోగాలు చేశాడు. చూపు లేకుండా చేసినా అది దారితప్పలేదు, చెవులు మూసినప్పుడు మాత్రం తడబడింది. చెవితో ‘చూడడం’ ఏమిటని ఆనాటి పండితులు నవ్వారు. సుమారు ఒకటిన్నర శతాబ్దం గడిచిన తరువాత, 1938లో అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే యువకుడు ఒక సున్నితమైన యంత్రం ముందు గబ్బిలాలను ఉంచినప్పుడు రహస్యం బయటపడింది. మన చెవికి అందనంత హెచ్చు స్థాయిలో అవి కేకలు వేస్తున్నవి. ఆ కేక పురుగుకో, కొమ్మకో తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనినిబట్టి దాని దూరాన్ని, పరిమాణాన్ని, కదలికను గ్రహిస్తున్నవి. సెకనుకు 20,000 కంపనాలను మించిన ధ్వని మనకు వినపడదు. మనం నిశ్శబ్దమనుకొనే రాత్రి వాటికి కేకలతో నిండి ఉంటుంది.

పురుగులను తినే గబ్బిలాలకే ఈ విద్య పూర్తిగా అబ్బింది. పండ్లు తినేవి సాధారణంగా పెద్ద కండ్లను, వాసనను నమ్ముకొంటవి. మన బొర్రా గుహల గబ్బిలం మాత్రం ఒక విచిత్రమైన మధ్యమార్గాన్ని కనిపెట్టింది. అది నాలుకతో ‘టక్కు టక్కు’మని శబ్దం చేసి, ఆ ప్రతిధ్వనితో గుహలో దారి వెదకుకొంటుంది. చూపు పనిచేయని కారుచీకటిలో కాపురముంటూ, వెన్నెలలో పండ్లు వెదకుకొనే జీవికి రెండు విద్యలూ అవసరమే గదా!

రాత్రి సేద్యగాడు

అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలోని గిరిజనులకు, అంటే బగతలకు, కొండదొరలకు, కొటియాలకు, పోర్జాలకు, గదబలకు, అడవి కేవలం కట్టెల కొట్టు కాదు, అన్నం పెట్టే తల్లి. ఆ తల్లి ఇంట ఇప్పచెట్టుది పెద్దపీట. చైత్రమాసపు తెల్లవారుజామున చెట్టుక్రింద తెల్లని పువ్వులు చాప పరచినట్లు రాలివుంటవి. పిల్లలు, ఆడవారు బుట్టలతో వెళ్ళి ఏరుకొని తెచ్చి ఎండబెడతారు. గింజలనుంచి నూనె తీస్తారు. ఆ పువ్వు విచ్చేది రాత్రివేళ. తియ్యని కండగల దాని రేకుల కొరకు పండ్లగబ్బిలాలు వస్తవి. మూతికి పుప్పొడి అంటుకొంటుంది. మరొక చెట్టుమీద వాలినప్పుడు అది అక్కడి పువ్వుకు చేరుతుంది. తరువాత పండిన ఇప్పకాయలను తిని గింజలను దూరదూరాల విడిచిపెట్టేది కూడా ఆ గబ్బిలమే. ఉదయం బుట్ట నిండిందంటే రాత్రి ఎవరో వచ్చి పనిచేసి పోయారన్నమాట.

ఇప్ప ఒక్కటే కాదు. తెల్లబూరుగు రాత్రి విచ్చుకొని గబ్బిలాలకు తేనె పెడుతుంది. గెల వ్రేలాడే అడవి అరటులలో అనేకం పుష్పసంపర్కం కొరకు వీటినే ఆశ్రయించినవి. మర్రి, రావి, మేడి, నేరేడు పండ్లను తిని వీటి విత్తులను చల్లడంలో గబ్బిలానికి పక్షి కూడా సాటిరాదు. పక్షి ప్రాయికంగా కొమ్మమీద కూర్చుండి విత్తును చెట్టుక్రిందనే విడుస్తుంది. గబ్బిలం ఎగురుతూనే విసర్జిస్తుంది. కాబట్టి చెట్లులేని బయలుమీద కూడా విత్తులు రాలుతవి. పోడు కొట్టి విడిచిన కొండవాలు కొన్ని సంవత్సరాలకు తిరిగి పచ్చబడుతున్నదంటే, అందులో వానకు ఎంత పాలున్నదో ఈ రాత్రి విత్తనగాడికీ అంత పాలున్నది.

ఇక పురుగులను తినే గబ్బిలాల సంగతి. ముక్కుమీద గుర్రపులాడం వంటి మడత ఉన్నవి, ఆకు వంటి మడత ఉన్నవి, చూరులలో దాగే చిన్నవి, ఎన్నో జాతులు ఈ కొండలలో ఉన్నవి. ఒక గబ్బిలం ఒక్క రాత్రిలో తన బరువులో దాదాపు సగం వరకు పురుగులను తినగలదు. పాలిచ్చే తల్లి అంతకన్న ఎక్కువే తింటుంది. వరిని, కూరగాయలను తినే పురుగులకు తల్లులైన రెక్కలచిమటలు ఇందులో చేరివున్నవి.

ఈ సేవ విలువ ఎంత అని సందేహించేవారికి అమెరికా దేశం ఒక గుణపాఠం చెప్పింది. 2006లో న్యూయార్కు రాష్ట్రంలోని గుహలలో ఒక బూజు తెగులు కనిపించింది. నిద్రించే గబ్బిలాల ముక్కుల మీద తెల్లగా పెరిగే ఆ బూజు లక్షలాదిగా వాటిని చంపింది. 2024లో ‘సైన్స్’ పత్రికలో ఒక ఆర్థికశాస్త్రజ్ఞుడు దాని ఫలితాన్ని లెక్కకట్టి ప్రకటించాడు. గబ్బిలాలు నశించిన జిల్లాలలో రైతులు పురుగుమందుల వాడకాన్ని సుమారు 31 శాతం పెంచవలసివచ్చింది. ఆ జిల్లాలలోనే శిశుమరణాలు సుమారు 8 శాతం పెరిగినవి. గుహలో చచ్చిన గబ్బిలానికీ, ఊయలలో చనిపోయిన పసికందుకూ నడుమ ఇంత దగ్గర బంధం ఉంటుందని ఎవరు ఊహించారు?

అరకు కొండలకు ఈ పాఠం మరింత వర్తిస్తుంది. ఇక్కడి కాఫీ నీడతోటలలో పెరుగుతుంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. రసాయనాలు అంటని పంట అనేది ఇక్కడి చాలా తోటలకు గొప్ప పేరు. మందు చల్లని తోటకు కాపలాదారు ఎవరు? పగలు పక్షి, రాత్రి గబ్బిలం. నీడకొరకు ఆస్ట్రేలియా దేశపు సిల్వర్ ఓక్ చెట్లను వరుసలుగా నాటడం త్వరగా ఫలితమిచ్చే పనే. కాని దాని నడుమ పనస, మేడి, నేరేడు వంటి దేశవాళి చెట్లను ఉండనిచ్చిన తోటలో మాత్రమే ఈ కాపలాదారుకు కూడు, గూడు దొరుకుతవి.

భయాలు, నిజాలు

గబ్బిలం తలకు చుట్టుకొంటే విడువదని అంటారు. అది కట్టుకథ. వెంట్రుకవంటి సన్నని దారాన్నైనా తప్పించుకొని ఎగరగల ప్రాణి మన జుట్టులో ఎందుకు చిక్కుకొంటుంది? రక్తం త్రాగుతుందని భయపడతారు. అటువంటి జాతులు లోకంలో మూడే ఉన్నవి. అవి అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేవు. ఇంట్లోకి వస్తే అరిష్టమంటారు. పాపం, దీపం చుట్టూ మూగిన పురుగుల కొరకు వచ్చినదానికి మన జాతకాలతో పనిలేదు. దీని కొవ్వు కీళ్ళనొప్పులకు, మాంసం ఉబ్బసానికి మందు అన్న నమ్మకం మాత్రం కేవలం కట్టుకథగా మిగలక, వేలాది ప్రాణాలను తీసింది. ఆ వైద్యానికి శాస్త్రప్రమాణం ఏదీ లేదు.

వ్యాధుల మాట దాచవలసిన పనిలేదు. గబ్బిలాల శరీరాలలో కొన్ని వైరసులు ఉంటవి. 1998–99లో మలేషియాలో పందులద్వారా మనుష్యులకు సోకిన నీపా వ్యాధికి, 2018లో కేరళలో ప్రబలిన అదే వ్యాధికి, మూలస్థానం పెద్ద పండ్లగబ్బిలాలే. బంగ్లాదేశంలో ఆ గబ్బిలాలు మూతిపెట్టిన పచ్చి ఖర్జూరపు కల్లు త్రాగినవారికి అది సోకింది. కాబట్టి గబ్బిలం కొరికిన పండును తినరాదు. రాత్రి కుండను కప్పకుండా దింపిన పచ్చికల్లును త్రాగరాదు. క్రిందపడిన గబ్బిలాన్ని వట్టిచేతులతో తాకరాదు. ఉపాధ్యాయులు పిల్లలకు ఈ మూడు మాటలూ తప్పక చెప్పవలె.

కాని వ్యాధి భయంతో గబ్బిలాలను చంపడం మాత్రం మంటను ఆర్పబోయి నెయ్యి పోసినట్లే. ఆస్ట్రేలియాలో 25 సంవత్సరాల సమాచారాన్ని పరిశీలించి 2022లో ప్రకటించిన పరిశోధన ఒకటి ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అడవులు నరికి, పూచే చెట్లు కరవైనప్పుడు ఆకలిగొన్న గబ్బిలాలు ఊళ్ళలోకి, పశువుల కొట్టాలవద్దకు వచ్చి చేరినవి. వైరసు గుర్రాలకు సోకినది అటువంటి కాలంలోనే. అడవిలో పూత పుష్కలంగా ఉన్న ఋతువులలో ఆ ప్రమాదం తప్పింది. తిండి ఉన్నచోట అడవి ప్రాణి అడవిలోనే ఉంటుంది. మన ఆరోగ్యం అడవి ఆరోగ్యంతో ముడిపడివున్నదన్నమాట.

2020లో కరోనా ప్రబలినప్పుడు మన దేశంలో అనేకచోట్ల గబ్బిలాల చెట్లను నరకడానికి, మంటలు పెట్టడానికి జనం సిద్ధపడ్డారు. ఆ వ్యాధికారకానికి దగ్గరి బంధువులైన వైరసులు కొన్ని జాతుల గబ్బిలాలలో ఉన్నమాట నిజం. కాని మన ఊరి గబ్బిలం మనకు కరోనా అంటించిందనడానికి ఆధారమే లేదు. ఆ సంగతిని దక్షిణాసియా దేశాల గబ్బిలాల శాస్త్రజ్ఞులు అరవైమందికి పైగా ఏకకంఠంగా ప్రకటించవలసివచ్చింది. తమిళనాడులో కొన్ని గ్రామాలవారు ఊరి మర్రిచెట్టు మీది గబ్బిలాలు బెదరకుండా దీపావళికి బాణసంచా కాల్చరు. అదే మన నాగరికతలోని మరొక ముఖం. ఏ ముఖాన్ని పిల్లలకు చూపాలన్నది మన చేతిలో ఉన్నది.

చట్టం మాటలో మార్పు

1972లో మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. పులికి, ఏనుగుకు అది కవచమైంది. కాని అదే చట్టంలోని అయిదవ షెడ్యూలులో కాకి, ఎలుక, చుంచులతోపాటు పండ్లగబ్బిలాలను ‘క్షుద్రజంతువులు’గా చేర్చారు. అంటే వాటిని ఎవరు ఎన్నిటిని చంపినా నేరం లేదు. తోటలో నాలుగు జామపండ్లు కొరుకుతవన్నది ఆ నింద. అవి నాటిన అడవిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకొనలేదు. గబ్బిలాలన్నిటిలో రెండు అరుదైన జాతులకు మాత్రమే తరువాతి కాలంలో ఉన్నతరక్షణ లభించింది.

ఈ అన్యాయం అర్ధశతాబ్దం నడిచింది. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించినప్పుడు క్షుద్రజంతువుల పట్టికనే తొలగించింది. పెద్ద పండ్లగబ్బిలానికి రెండవ షెడ్యూలులో చోటు దొరికింది. 2023 ఏప్రిల్ నుంచి ఆ సవరణ అమలులోకి వచ్చింది. ఈ మార్పు గ్రామాలకు ఇంకా పూర్తిగా చేరలేదు. చట్టపుస్తకంలో వెలి తొలగినా మనసులలోని వెలి తొలగడానికి కాలం పడుతుందని జాషువా పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

కొండ నిలిస్తేనే గుహ

గుహవాసియైన గబ్బిలానికి చెట్లే కాదు, రాయి కూడా కావాలి. గుహ ఒక్కసారి చెడితే మరల పుట్టదు. ఈ సందర్భంలో బొర్రా పంచాయతీ పేరు దేశమంతటా మారుమ్రోగిన ఒక సంగతిని స్మరించాలి. అనంతగిరి మండలంలోని ఈ ప్రాంతపు భూములలో ఖనిజాలు త్రవ్వుకొనడానికి గిరిజనేతర సంస్థలకు కౌళ్ళు ఇవ్వడాన్ని సమత అనే సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని ప్రభుత్వమైనాసరే గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇవ్వరాదని శాసించింది. ఆ తీర్పు గిరిజనుల భూమిహక్కును నిలబెట్టడానికి వచ్చింది. గబ్బిలాల ప్రస్తావన అందులో లేదు. అయినా కొండను నమ్ముకొన్న మనిషికి న్యాయం జరిగినప్పుడు ఆ కొండ కడుపులోని మూగజీవికి కూడా ఆశ్రయం మిగిలింది.

రాతిని కోల్పోతే ఏమవుతుందో తెలుసుకొనడానికి దూరం పోనక్కరలేదు. తెలుగు మాట్లాడేవారు విరివిగా ఉన్న కోలారు జిల్లాలో, కర్ణాటక రాష్ట్రంలో, 1994లో శాస్త్రలోకానికి తెలిసివచ్చిన ఒక ఆకుముక్కు గబ్బిలం ఉన్నది. ఒకప్పుడు తేరహళ్ళి గుహలోనూ ఉన్న ఆ జాతి అక్కడ అంతరించింది. ప్రపంచం మొత్తానికి హనుమనహళ్ళి వద్ద ఒకే ఒక గుహలో రెండువందల లోపు ప్రాణులు మిగిలినవి. చుట్టూ నల్లరాయి క్వారీలు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు మొదలైన పరిశోధకులు ఆ చోట పరిశోధనలు చేసి దాని దుస్థితిని లోకానికి తెలియజేశారు. అక్కడి అటవీశాఖ, గబ్బిలాల సంరక్షణ సంస్థ కలిసి ఆ గుహకు కాపలా పెట్టి, క్వారీపనులను ఆపించి, గ్రామస్థులకు నచ్చజెప్పినవి. ఒక్క ప్రేలుడుతో ఒక జాతి భూమిమీదినుంచి తుడుచుకొనిపోయి ఉండేది. అది జరుగలేదు.

బొర్రాకు ఇప్పుడున్న గండం ప్రేలుడు మందు కాదు, మన ముచ్చట. ప్రకాశవంతమైన దీపాలు, కేకలు, ఈలలు, కప్పుమీదికి విసిరే రాళ్ళు. పగటినిద్రలో ఉన్న గబ్బిలాన్ని బెదరిస్తే అది ఊరకనే ఎగిరి, రాత్రికని దాచుకొన్న శక్తిని ఖర్చుచేసుకొంటుంది. పిల్లలతల్లి బెదరినప్పుడు కూన జారిపడవచ్చు. గబ్బిలం చాలావరకు సంవత్సరానికి ఒక్క పిల్లనే కంటుంది. చాలా జాతులు దీర్ఘాయువులు. సైబీరియాలో గుర్తుకట్టి విడిచిన చిన్న గబ్బిలమొకటి 41 సంవత్సరాల తరువాత దొరికింది. కొద్దిగా కని, ఎక్కువకాలం బ్రతికే జీవికి ఒక్క దుర్వత్సరపు నష్టం పూడడానికి ఎన్నో ఏండ్లు పడుతుంది. గబ్బిలం పోతే దాని రెట్టమీద బ్రతికే పురుగులు, సాలీళ్ళు, శిలీంధ్రాలు పోతవి. సూర్యుని వెలుగు చొరని చోటికి బయటి అడవి పంపే అన్నం ఆ రెట్టయే.

చేయదగిన పని పెద్దదేమీ కాదు. గబ్బిలాలు గుంపుకట్టే గుహభాగంలో దీపాలను తగ్గించడం, అక్కడ నిశ్శబ్దాన్ని నియమంగా పెట్టడం, కూనలుండే మాసాలలో ఆ భాగానికి దూరంగా దారి మళ్ళించడం. దారి చూపే స్థానిక గిరిజన యువకులు రాతి ఆకృతులతోపాటు కప్పుమీది ప్రాణిని గూర్చి కూడా చెప్పగలిగితే, యాత్రికుడు వింత చూచి పోవడమే కాక జ్ఞానం తీసుకొని పోతాడు.

బడిలో ఒక సాయంకాలం

ఇక మన పని. 1929–30లో వెర్నే పరిశోధకబృందం తూర్పుకనుమలలో జీవజాతులను సేకరిస్తూ అనంతగిరికి, సుంకరిమెట్టకు వచ్చింది. వారు దూరదేశపు ధనంతో, తుపాకులతో వచ్చారు. మనకు అవేమీ అక్కరలేదు. ఊరిచివర మర్రిచెట్టో, పాతకోటో, శిథిలాలయమో ఉన్న ప్రతి బడీ ఒక పరిశోధనాలయం కాగలదు. నెలకొక సాయంకాలం పిల్లలను కొంత దూరంలో కూర్చుండబెట్టి, బయలుదేరే గబ్బిలాలను లెక్కించి, తేదీ, వేళ, సంఖ్య ఒక పుస్తకంలో వ్రాయించండి. రెండు మూడేండ్లకు ఆ పుస్తకం ఊరి అడవి పెరుగుతున్నదో తరుగుతున్నదో చెప్పుతుంది. ఏ చెట్టుక్రింద ఏ గింజలు రాలినవో ఏరించి, బడితోటలో మొలిపించండి. జామతోట యజమానికి వలకప్పడం నేర్పండి. అయితే ఆ వల బిగువుగా, సన్నని కన్నులతో ఉండాలి. వదులు వలలో గబ్బిలం చిక్కుకొని చస్తుంది.

ఆ లెక్క వ్రాసే పిల్లలలో కొండకు చెందినవారు ఉంటే తరగతి వారి నోటినుంచే నేర్చుకొనడం మంచిది. ఇప్ప ఎప్పుడు విచ్చుతుందో, ఏ చెట్టుకు ఏ రాత్రి రెక్కలు వస్తవో వారి తాతలకు పుస్తకం లేకుండానే తెలుసు.

మా ఊరి మండపం ఇప్పుడు సిమెంటు పూతతో నున్నగా మెరుస్తున్నది. గబ్బిలాలు తిరిగి రాలేదు. ఆ తల్లి ఆ రాత్రి ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. బొర్రా గుహలలో మాత్రం సాయంకాలమయ్యేసరికి ఆ నాలుక చప్పుడు ఇంకా వినిపిస్తున్నది. జాషువా పంపిన సందేశం దేవునికి చేరిందో లేదో కాని, ఆ దూత మాత్రం ప్రతిరాత్రి మన అడవికి విత్తనం మోస్తూనే ఉన్నది. ఈసారి ఆ కావ్యం పాఠం చెప్పిన సాయంకాలం, పిల్లలను ఆరుబయటకు తీసుకొనిపోయి ఆకాశంవైపు చూపించండి.